ఫిట్స్ వచ్చే కుక్కని వేరే ఇంటికి ఇవ్వొచ్చా? ఇచ్చేముందు అంతా చెప్పాలా?

సింగు వాళ్ల అక్క (మొగల్రాజపురం)

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ల మేడ మెట్ల మీద దొరికాడు మా సింగు. అప్పటికి అరచేతిలో పట్టేంత పిల్ల. ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు పట్టుకుంది. డాక్టరు గారు కూడా ఆశ వదులుకోమన్నారు, కానీ బతికాడు. ఫిట్స్ మాత్రం మిగిలిపోయాయి. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి ఫినోబార్బిటోన్ మాత్ర వేస్తాం. ఇడ్లీ ముక్కలో పెడితే గుటుక్కుమనిపిస్తాడు. మందు వేళకి పడుతుంటే ఎప్పుడో నెలకో రెండు నెలలకో ఒక ఫిట్ వస్తుంది. మిగతా రోజుల్లో మామూలు కుక్కే, కాకపోతే తిండిపోతు.

నాకు పుణెలో ఉద్యోగం వచ్చింది, షిఫ్టులు. ఇంట్లో అమ్మ ఒక్కతే, మోకాళ్ల నొప్పులు. ఫిట్ వస్తే వాడు కాళ్లు కొట్టుకుంటూ మంచం కోళ్ల మధ్యకి జారిపోతాడు. పాతిక కిలోల కుక్కని ఆవిడ ఇవతలికి లాగలేదు. మొన్న నేను బజారుకెళ్లినప్పుడు అదే జరిగింది. పక్కింటావిడ తాళాల గుత్తి తెచ్చి వాడి పంజాలో పెట్టి పట్టుకుందట, అమ్మేమో హాల్లో నిలబడి ఏడుస్తోంది.

గుంటూరులో అమరావతి రోడ్డు వైపు ఉండే ఒక పెద్ద దంపతులు వాడి ఫొటో చూసి ఇష్టపడ్డారు. ఇంటి ముందు జాగా ఉంది, ఇంతకుముందు కుక్కని పెంచినవాళ్లే. ఇళ్లు వెతికిపెట్టే వాలంటీరు ఒకాయన "ఫిట్స్ సంగతి ఇప్పుడే చెప్పకండి. ఓ రెండు వారాలు అలవాటు పడనివ్వండి, తర్వాత వాళ్లే వదల్లేరు" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. చెబితే వద్దంటారేమోనని టెన్షన్. అసలు ఇవ్వడమే తప్పంటారా?

కరకట్ట (కృష్ణలంక)

సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. అదే ఫిట్స్ ఇంట్లో పిల్లకి వస్తే ఉద్యోగం పేరు చెప్పి ఎవరికైనా ఇచ్చేస్తారా? వరదలో తెచ్చుకున్నప్పుడు అది మీ నిర్ణయం. వాడేమీ మీ గుమ్మం ముందుకొచ్చి అడగలేదు కదా.

పుణెలో కుక్కల్ని ఉండనివ్వరని కూడా చెప్పకండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే బుక్ చేసుకుంటే మీతోపాటే తీసుకెళ్లొచ్చు. దారులు ఉన్నాయి, వెతకాలని ఉండాలి.

బ్రాడీపేట 4వ లైను

కరకట్ట గారూ, మార్గదర్శకాలు నేనూ చదివాను. కుక్క ఉందనగానే ఫోన్ పెట్టేసే ఇంటి ఓనరుకి అవి చదివి వినిపించమంటారా? సరే, ఇల్లు దొరికిందే అనుకుందాం. షిఫ్టులో ఉన్న మనిషి రాత్రి ఎనిమిది గంటల మాత్ర ఎలా వేస్తుంది? తాళం వేసిన ఫ్లాట్లో ఫిట్ వస్తే ఎవరు చూస్తారు? కుక్క దృష్టిలోంచి చూస్తే గుంటూరులో రోజంతా ఇంట్లో ఉండే ఇద్దరు పెద్దవాళ్లే మేలు.

నా సంగతి చెబుతాను. మా ఇంట్లో నడుము పడిపోయిన కుక్క ఉంది, లారీ గుద్దింది. తెనాలి వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నాను. దానికి రోజుకి మూడుసార్లు పొట్ట కింద నొక్కి మూత్రం తీయించాలి. సరిగ్గా ఖాళీ అవకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎక్కడ నొక్కాలో మాటలతో చెబితే అర్థమయ్యేది కాదు. ఆ ఇంటావిడ నా చేతి మీద తన చెయ్యి వేసి, చిన్న నిమ్మకాయంత గట్టిగా తగిలేదాకా వేళ్లు జరిపించి చూపించింది. నాకు వచ్చేదాకా వాళ్లింటికి వెళ్తూనే ఉన్నాను. వాళ్లు ఇచ్చేసినందుకు నేనెప్పుడూ తప్పుబట్టలేదు. వాళ్ల ఇంట్లో పసిపిల్ల, ఆవిడకి నిద్ర లేదు. దాచి అంటగట్టి ఉంటే మాత్రం గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

కాబట్టి ఇవ్వండి, చెప్పి ఇవ్వండి.

వీధి నేస్తం

ఆ వాలంటీరు తరఫున ఒక మాట. ఆయన దొంగ కాదు, అలసిపోయిన మనిషి అయ్యుంటాడు. దేశీ కుక్క, అందులోనూ పెద్దది అనగానే ఫోన్లు సగానికి సగం ఆగిపోతాయి. పోస్టులో ఫిట్స్ అని రాస్తే ఒక్కరూ పలకరు. జనానికి ఆ మాట వినగానే నురగలు కక్కే పిచ్చికుక్క కళ్లముందు మెదులుతుంది. రేబిస్‌కీ దీనికీ సంబంధం లేదని ఎంతమందికి తెలుసు? ముందు కుక్కని చూడనిచ్చి తర్వాత జబ్బు చెబితే, వాళ్లు చూసేది సింగుని. ముందే జబ్బు చెబితే వాళ్లు చూసేది జబ్బుని. నేను అబద్ధం చెప్పమనడం లేదు, ఏది ముందు చెప్పాలన్నదే ప్రశ్న.

గన్నవరం పాత విద్యార్థి

నేను పశువైద్యుణ్ణి, గన్నవరం కాలేజీలో చదివాను. నేస్తం గారూ, మీరన్న వరస బాగానే ఉంది, ఒక గంట తేడా అయితే. రెండు వారాలైతే కుదరదు. ఆ రెండు వారాలూ మాత్ర ఎవరు వేస్తారు? విటమిన్ అని చెప్పి ఇస్తారా? విటమిన్ అనుకున్నది ఎవరైనా ఒక పూట మర్చిపోతారు, కుక్క బాగానే ఉంది కదా అని రెండో రోజు మానేస్తారు. ఫినోబార్బిటోన్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్ మీద ఫిట్ వస్తుంది, ప్రాణం పోవచ్చు. అందుకని ఇక్కడ దాచడం అంటే మర్యాద తప్పడం ఒక్కటే కాదు, మందు ఆపడంతో సమానం.

ఆ దంపతులకి చెప్పాల్సినవి రాస్తున్నాను. ఫిట్ వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టొద్దు. కుక్క నాలుక మింగదు, తెలియకుండానే మీ వేలు కొరుకుతుంది. తాళాలూ ఇనుమూ ఏమీ చెయ్యవు. పక్కనున్న కుర్చీలూ బల్లలూ జరిపి, లైటు ఆర్పి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. తేరుకున్నాక కాసేపు మనుషుల్ని గుర్తుపట్టదు, గోడకేసి నడుస్తుంది, అప్పుడు మీద పడి ముద్దు చెయ్యొద్దు.

మందు వల్ల ఆకలి, దాహం, మూత్రం ఎక్కువవుతాయి. "మీ కుక్క హాల్లో పోసింది" అని పెంపకాన్ని తప్పుపట్టకుండా ఈ ముక్క ముందే చెప్పండి. ఆరు నెలలకోసారి లివర్ పరీక్ష, రక్తంలో మందు స్థాయి చూపించాలి. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. మన వైపు పిడుదులు ఎక్కువ కదా, షాపులో అడిగి నెక్స్‌గార్డ్, బ్రావెక్టో లాంటి మాత్రలు వేసేస్తుంటారు. ఆ రకం మందులతో కొన్ని కుక్కల్లో ఫిట్స్ రావొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కకి డాక్టర్ని అడక్కుండా వెయ్యకూడదు. చరిత్రే చెప్పకపోతే ఇక ఎవరేం అడుగుతారు?

కరకట్ట (కృష్ణలంక)

మందు సంగతి డాక్టరు గారు చెప్పాక దాచే ప్రశ్నే లేదు. కానీ నా మొదటి మాట మీదే ఉన్నాను. ఇవ్వక తప్పదంటే, జీవితాంతం మందుల ఖర్చు, పరీక్షల ఖర్చు ఈ అమ్మాయే పెట్టుకోవాలి. జబ్బు వాళ్లకిచ్చి జీతం తను తీసుకుంటానంటే ఎలా?

బ్రాడీపేట 4వ లైను

ఇక్కడ మాత్రం ఒప్పుకోను. నెలనెలా డబ్బు పంపిస్తుంటే ఆ కుక్క ఎవరిది? డాక్టర్ని మార్చాలన్నా పుణెకి ఫోన్ చేసి అడగాలా? తెనాలి వాళ్లు నాకూ డబ్బిస్తామన్నారు, వద్దన్నాను. అది నాది కావాలంటే దాని బిల్లు కూడా నాదే కావాలి. ఆ మాత్ర అంత ఖరీదైందీ కాదు. పరీక్షలకి, అత్యవసరానికి మొదట్లోనే కొంత మొత్తం ఇచ్చేస్తే సరిపోతుంది, ఆ తర్వాత అడిగితేనే.

వన్‌టౌన్ వాసి

వీధుల్లో కుక్కలు పిల్లల్ని పీకుతుంటే ఇక్కడ ఒక కుక్క మాత్ర గురించి ఇంత చర్చా! వదిలేస్తే పోలా?

వీధి నేస్తం

వదిలేస్తే వీధిలో ఇంకో కుక్క పెరుగుతుందండీ, మీ బాధ కూడా అదే కదా. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులోనూ, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ రోడ్డు మీదికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే అని ఉంది. ఆకలికో దాహానికో బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే అనుకోండి, ఇప్పుడు ఆ డబ్బుకి పునుగులు కూడా రావు. అయినా నేరం నేరమే.

సింగు వాళ్ల అక్క (మొగల్రాజపురం)

చెప్పేశాను. నేస్తం గారి వరసే పాటించాను, కాకపోతే అదే పూట. ఆదివారం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. సింగు ఆయన చెప్పు ఒకటి తీసుకుని సోఫా వెనక్కి పోయాడు. కాఫీలయ్యాక ఫోన్లో ఫిట్ వీడియో పెట్టాను. ఆయన సగంలోనే తల తిప్పేసుకున్నారు. ఆవిడ మాత్రం మళ్లీ పెట్టమన్నారు, దవడలు టకటకలాడుతుంటే "ఈ చప్పుడు పళ్లదేనా?" అని అడిగారు. "నొప్పి తెలుస్తుందా వీడికి?" అన్నారు. ఆ సమయంలో స్పృహ ఉండదని డాక్టరు గారు చెప్పింది చెప్పాను. తర్వాత ఆవిడ అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలే. తిరుపతి వెళ్తే ఎవరి దగ్గర ఉంచాలి, దీపావళి టపాసులకి ఏం చెయ్యాలి, మామిడిపండు పెట్టొచ్చా.

ఒక నెల ఉంచుకుని చూసి చెబుతామన్నారు. డబ్బు విషయంలో బ్రాడీపేట అక్క చెప్పినట్టే చేస్తున్నాను, మొదట కొంత ఇస్తాను. ఇప్పుడు నా సందేహం, ఈ నెలలో మందు చీటీ ఎవరి పేరు మీద ఉండాలి?

గన్నవరం పాత విద్యార్థి

వాళ్ల పేరు మీదే, గుంటూరు డాక్టరు దగ్గరే. చీటీ లేకుండా ఈ మందు షాపులో ఇవ్వరు, ఆదివారం మాత్రలు అయిపోతే మీరు పుణె నుంచి ఏమీ చెయ్యలేరు. పంపేముందు ఆ డాక్టర్ని వాళ్లతో కలిసి ఒకసారి కలవండి, పాత రిపోర్టులన్నీ అక్కడ ఇచ్చేయండి. నెలకి సరిపడా మాత్రలకి మరో వారానివి కలిపి ఇవ్వండి. టపాసులకి లోపలి గది, కిటికీలు మూసి, టీవీ శబ్దం పెంచితే చాలావరకు సరిపోతుంది. అప్పటికీ భయపడే కుక్కకి ముందే మందు రాస్తారు, పండగ రోజు పొద్దున కాకుండా వారం ముందు అడగమనండి. మామిడిపండు కొంచెం పెట్టొచ్చు, టెంక మాత్రం దొరకనివ్వొద్దు. వీడి ఆకలికి దాన్ని కూడా మింగేస్తాడు.

కరకట్ట (కృష్ణలంక)

నెల తర్వాత వాళ్లు వద్దంటే?

సింగు వాళ్ల అక్క (మొగల్రాజపురం)

వెనక్కి తెచ్చుకుంటానని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. వాళ్లు వేరేవాళ్లకి ఇవ్వకూడదు, నాకే చెప్పాలి అని కూడా అందులో ఉంది.

కరకట్ట (కృష్ణలంక)

తెచ్చుకుని ఎక్కడ పెడతారు, మళ్లీ మీ అమ్మగారి దగ్గరేగా? ఆ కాగితం మీద నాకు నమ్మకం లేదమ్మా. ఇవ్వొద్దని మాత్రం ఇక అనను.

బ్రాడీపేట 4వ లైను

చెల్లీ, అలా జరిగితే పుణె నుంచి నువ్వు వచ్చేదాకా మా ఇంట్లో ఉంచుతాను. ఆ దంపతులకి నా నంబరు ఇవ్వు, మెసేజ్‌లో పంపిస్తున్నా. మొదటి ఫిట్ ఎప్పుడొచ్చినా, అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యమను. మా ఇంటి నుంచి అమరావతి రోడ్డు ఎంతో దూరం లేదు, బండి మీద వచ్చేస్తాను.