గాండాల్ఫ్ చెయ్యి ఎవరు కట్టేశారు? మధ్యభూమిలో శక్తి లెక్కల మీద చర్చ

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), రాత్రి 9.40
టోల్కీన్ రాసిన మధ్యభూమి కథ, ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’, మూడు సంపుటాలూ నాలుగోసారి పూర్తి చేశాను. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నాను. కరద్రాస్ కొండ మీద మంచు కురుస్తుంటే, చీకటి రాజు సౌరాన్ ఉంగరాన్ని కరిగించడానికి బయల్దేరినవాళ్ళందరూ కొయ్యబారిపోతుంటారు, కట్టెలు అంటుకోవు. వాళ్ళతో ఉన్న మాంత్రికుడు గాండాల్ఫ్ చూసి చూసి, ఇక తప్పక మంట పుట్టిస్తాడు. పుట్టించాక కూడా సంతోషించడు, చూసేవాళ్ళుంటే నేనిక్కడున్నానని తెలిసిపోయింది అని బాధపడతాడు. ఈయన మయార్‌లో ఒకడు, అంటే దేవతలకి సేవచేసే ఆత్మ, లోకానికంటే ముందు పుట్టినవాడు. నాలుగు కట్టెలు అంటించడానికి ఇంత ఆలోచనా? చేతకాకనా, ఎవరైనా చెయ్యి కట్టేశారా? అడవి దగ్గర పాడుకుంటూ తిరిగే టామ్ బాంబడిల్ అసలు ఎవరు, గాండాల్ఫ్ లాంటివాళ్ళే అయిన నీలి మాంత్రికులిద్దరూ తూర్పుకెళ్ళి ఏం చేశారు, ఇవి కూడా చెప్పండి. ముఖ్యంగా నీలివాళ్ళ సంగతి.

కోట_జంక్షన్ (విజయనగరం), రాత్రి 9.52
శక్తే అంతంతమాత్రం గురూ. లేకపోతే మినాస్ తిరిత్‌లో సౌరాన్ బంట్లయిన ఆ నజ్గుల్‌ల నాయకుడు అంత తేలిగ్గా కర్ర ముక్కలు చేస్తాడా? గాండాల్ఫ్ గుర్రం మీంచి పడిపోయాడు. ఆ సీన్ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆమదాలవలస_ప్యాసింజర్, రాత్రి 10.05
అది పుస్తకంలో లేదు. ఎన్నిసార్లు చెప్పాలండీ? 2003 నాటి సినిమాకి తర్వాత వచ్చిన పెద్ద వెర్షన్‌లో కలిపిన సీన్ అది. పుస్తకంలో కోట తలుపు బద్దలవుతుంది, వాడు లోపలికొస్తాడు, అందరూ పారిపోతారు, గాండాల్ఫ్ ఒక్కడే గుర్రం మీద కదలకుండా నిలబడతాడు. వాడి కత్తి మీద మంటలు లేస్తాయి. అంతలో ఊళ్ళో ఎక్కడో ఒక కోడి కూస్తుంది. ఆ వెనకే దూరం నుంచి, సాయానికొచ్చిన రోహన్ సేన బూరలు. వాడు గుర్రం తిప్పుకొని వెళ్ళిపోతాడు. ఒక్క దెబ్బ పడలేదు! ఆ కోడికూత దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నాకెందుకింత మంటంటే, ఒక కాలేజీ క్విజ్‌లో ఇదే ప్రశ్న వచ్చింది, గాండాల్ఫ్ కర్ర విరిచిందెవరు అని. మోరియా వంతెన మీద ఆయనే కొట్టుకుని విరగ్గొట్టుకున్నాడు అన్నాను. తప్పన్నారు. ఆ ఒక్క మార్కుతో ఫైనల్ పోయింది. రుజువు చూపిద్దామని మర్నాడు పుస్తకం పట్టుకెళ్ళాను, ఎవరూ పేజీ తిప్పి చూడలేదు.

కోట_జంక్షన్, రాత్రి 10.11
మీ మార్కు పోతే నా మీద ఎందుకు పడతారు? సినిమా చూసి ప్రేమించినవాళ్ళం ఇక్కడ మాట్లాడకూడదా? నేను ఆ కథలోకి వచ్చిందే సినిమా తలుపులోంచి.

బొబ్బిలి_వీణ, రాత్రి 10.30
ఇద్దరూ ఆగండి. మధ్యభూమి చరిత్ర పన్నెండు సంపుటాలు, 1983 నుంచి 1996 దాకా రచయిత కొడుకు క్రిస్టఫర్ వేసినవి, అన్నీ నా దగ్గరున్నాయి. పదోది రెండుసార్లు చదివాను. కాబట్టి నేను చెప్పేది కాస్త వినండి.

చెయ్యి కట్టేసిన మాట నిజమే. మొదటి యుగం చివర దేవతలు, అంటే వాలార్, సౌరాన్‌కి యజమాని అయిన మోర్గోత్ మీదికి సేనలు పంపారు. గెలిచారు. కానీ ఆ యుద్ధానికి బెలెరియాండ్ అనే దేశం మొత్తం సముద్రంలో కలిసిపోయింది. నుమెనోర్ దీవి మునిగిన సంగతి మీకు తెలిసిందే. ఆ పాఠం తర్వాతే మూడో యుగంలో ఐదుగురు మయార్‌ని ముసలి ఒంట్లో పెట్టి పంపారు. ఆకలి, నొప్పి, అలుపు, భయం అన్నీ ఉంటాయి. సౌరాన్ బలానికి బలం చూపకూడదు, మనుషుల్ని, చావులేని ఎల్ఫ్‌లని భయపెట్టి లొంగదీయకూడదు. ధైర్యం చెప్పాలి, దారి చూపాలి, అంతే.

అసలు కీలకం వేరే ఉంది. ఆ లోకంలో మంత్రం నేర్చుకుని చదివేది తక్కువ. శక్తి అంటే ఎవరి ఉనికి వాళ్ళది. దాన్ని దేనిలోనైనా పోస్తే మళ్ళీ మన దగ్గర ఉండదు. మన భాషలో దీనికి సరిపోయే మాట ఉంది: ధారపోయడం. మోర్గోత్ తన శక్తిని భూమిలోకే ధారపోశాడు, మట్టిలో, లోహాల్లో, బంగారంలో మరీ ఎక్కువ. పోసి పోసి చివరికి వేరే రూపం ఎత్తలేక ఒకే ఒంట్లో ఇరుక్కుపోయాడు. ఫింగోల్ఫిన్ అనే ఎల్ఫ్ రాజు వాణ్ణి ఏడుసార్లు పొడిచాడు, పాదం నరికితే ఆ తర్వాత ఎప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. దేవుడి లాంటివాడికి కుంటు! యవన్నా అనే దేవత కూడా వెలుగునిచ్చే తన రెండు చెట్లు పోయాక మళ్ళీ పుట్టించలేనంది. ఫెయనోర్ అనే ఎల్ఫ్ తన సిల్మరిల్స్ మణుల్ని మళ్ళీ చెయ్యలేనన్నాడు.

తోటపాలెం_తమ్ముడు (విజయనగరం), రాత్రి 10.44
వీణ గారూ, ధారపోయడం అన్నమాట చదవగానే విశ్వామిత్రుడు గుర్తొచ్చాడు. త్రిశంకుడి కోసం కొంత పోయింది, రంభని రాయివి కమ్మని శపించి ఆ కోపంలో ఇంకొంత పోయింది. తపస్సు తరిగిపోయి మళ్ళీ మొదటికి. మన పురాణాల్లో శాపం పెట్టినవాడికీ ఖర్చే.

గాండాల్ఫ్ మాత్రం నాకు కృష్ణుడిలాగే కనిపిస్తాడు. ఆయుధం పట్టను, రథం తోలతాను అన్నాడు. భీష్ముడు రెచ్చిపోయిన రోజు చక్రం పట్టుకుని దూకాడు, అర్జునుడు కాళ్ళు పట్టుకుని ఆపాడు. గాండాల్ఫ్ అలా మాట తప్పిన చోటు ఏదైనా ఉందా?

ఆమదాలవలస_ప్యాసింజర్, రాత్రి 10.50
లేదు. మోరియాలో బాల్రోగ్ అనే అగ్నిభూతం మీద విజృంభించాడు, కానీ అది కూడా మయానే, మనిషిని లొంగదీసినట్టు కాదు. ద్రోహం చేసిన మాంత్రికుడు సరుమాన్ కర్రని గాండాల్ఫ్ విరిచింది, తాను చచ్చి తెల్లవాడై తిరిగొచ్చాక, అధికారంతో. కోట_జంక్షన్ గారూ, కర్ర విరిచే సీన్ కావాలంటే పుస్తకంలో అది ఉంది చూసుకోండి.

కోట_జంక్షన్, రాత్రి 10.53
మళ్ళీ నా మీదికే.

పాలకొండ_మనవరాలు, రాత్రి 11.02
నేను మా మామ్మకి రోజూ రాత్రి కాస్త కాస్త తెలుగు చేసి చెప్తున్నాను. ఆవిడకి కళ్ళు సరిగా కనబడవు. సౌరాన్ తన శక్తి పోసి చేసిన ఉంగరం సంగతి చెప్పగానే వత్తి చేస్తున్న చెయ్యి ఆపి, "అయితే మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందన్నమాట" అంది. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలక. నాకు మూడు పుస్తకాలు పట్టింది, ఆవిడకి ఒక్క నిమిషం పట్టింది. సౌరాన్ ఉంగరం చిలకే. ఇంత లెక్క ఎందుకు?

బొబ్బిలి_వీణ, రాత్రి 11.10
కాదమ్మా. చిలక కథకీ దీనికీ పోలికే లేదు. ఇలాంటి సరిపోల్చడాల వల్లే అసలు విషయం పక్కకి పోతోంది. మాంత్రికుడు ప్రాణం దాచుకునేది భయంతో, ఎవరికీ దొరకనంత దూరంలో. సౌరాన్ ఉంగరం చేసింది మిగతా ఉంగరాల వాళ్ళ మనసుల్ని ఏలడానికి. దూరంగా దాచలేదు, వేలికి పెట్టుకుని యుద్ధానికొచ్చాడు, అందుకే ఇసిల్దుర్ అనే రాకుమారుడు దాన్ని వేలి నుంచి కోసుకోగలిగాడు. రచయిత 1951లో రాసిన పెద్ద ఉత్తరంలో స్పష్టంగా ఉంది: తొడుక్కున్నప్పుడు వాడి బలం ఇంకా పెరుగుతుంది, తొడుక్కోకపోయినా, ఇంకొకడు స్వాధీనం చేసుకోనంతవరకు, ఆ బలంతో సంబంధం తెగదు. మామ్మ కథలతో దీన్ని తూచకండి.

పాలకొండ_మనవరాలు, రాత్రి 11.14
మామ్మ కథలంటే అంత చులకనా మాస్టారూ? పన్నెండు సంపుటాలు లేనివాళ్ళకి బుర్ర ఉండదా? చిలక చస్తే మాంత్రికుడు చస్తాడు, ఉంగరం కరిగితే సౌరాన్ కూలతాడు. తేడా ఎక్కడో ముందు అది చెప్పండి.

ఆమదాలవలస_ప్యాసింజర్, రాత్రి 11.21
తేడా నేను చెప్తాను, అక్కా. చిలకని పట్టుకున్న రాకుమారుడికి చిలక మీద ఆశ పుట్టదు. మెడ విరిచెయ్యడానికి క్షణం పట్టదు. ఉంగరం అలా కాదు. పట్టుకున్నవాడి చేతే ముద్దు చేయించుకుంటుంది. దాన్ని మోసిన హాబిట్, అంటే పొట్టి మనిషి, ఫ్రోడో అన్ని బాధలు పడి, మంటల అంచుకెళ్ళి, చివరి అడుగులో పడెయ్యలేకపోయాడు. ఉంగరం మీద పిచ్చితో వెంటపడిన గొల్లుం అతని వేలు కొరుక్కుని పడిపోబట్టి పని అయింది. అక్కడ తోసింది ఎవరనేదే నా ప్రశ్న. సృష్టికర్త ఇలూవతార్ చెయ్యి ఉందంటాను నేను. అంతకుముందు గొల్లుంని చంపకుండా వదిలిన జాలి అంతా ఆ ఒక్క క్షణంలో పనికొచ్చింది.

పాలకొండ_మనవరాలు, రాత్రి 11.26
ఈ మాట ఒప్పుకుంటాను. చిలకకి ఆశ పెట్టే గుణం లేదు, నిజమే. ఇంకోటి, మాంత్రికుడు అని తెలుగు చెయ్యగానే మామ్మకి పుర్రె, నిమ్మకాయలు, కాళి విగ్రహం కనిపిస్తున్నాయి. గాండాల్ఫ్ వచ్చినప్పుడల్లా "వీడు మంచోడేనా?" అని అడుగుతోంది. ఏం మాట వాడాలి?

తోటపాలెం_తమ్ముడు, రాత్రి 11.29
ముని అనండి. గడ్డం, కర్ర, కోపం, అన్నీ సరిపోతాయి.

ఆమదాలవలస_ప్యాసింజర్, రాత్రి 11.31
ముని మనిషే కదా. వచ్చిన దూత అనాలి.

బొబ్బిలి_వీణ, రాత్రి 11.38
మాట తూలాను, పాలకొండ వారూ. మా ఇంట్లో కూడా నాకు కథలు పరిచయం చేసింది మా అమ్మమ్మే. పోతే మాంత్రికం అన్న మాటతో ఎల్ఫ్ దొరసాని గలాడ్రియెల్‌కే ఇబ్బంది. సామ్‌తో, అంటే ఫ్రోడో వెంట వచ్చిన తోటమాలితో, అంటుంది, మీవాళ్ళు దేన్ని మ్యాజిక్ అంటారో నాకు అర్థం కాదు, శత్రువు చేసే మోసానికీ అదే మాట వాడతారు అని. ఎల్ఫ్‌లకి అది కళ, చేతిపని. మన నేతగాడికి మగ్గం ఎలాగో అలా.

సిరిమాను_వీధి (విజయనగరం), రాత్రి 11.55
చెయ్యి కట్టేశారు అన్నదాని దగ్గరికి మళ్ళీ వస్తాను. మా ఊళ్ళో దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కదులుతుంది. పొడవాటి చింతమాను, దాని కొసన ఆసనం, అందులో పూజారి. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. అందరూ అరటిపళ్ళు విసురుతున్నారు, నేనూ ఒకటి విసిరాను, అందలేదు. పైన ఆయన విసనకర్ర పట్టుకుని ఊపుతున్నాడు, మాను ఊగినప్పుడల్లా నా కడుపులో తిప్పింది. ఆ కొన్ని గంటలు ఆయన ఆయన కాదు, అమ్మవారు. మానులోంచి దిగాక మళ్ళీ మనిషే.

గాండాల్ఫ్ బాల్రోగ్‌తో పోరాడి చచ్చి, కొంతకాలానికని తిరిగి పంపబడ్డాను అంటాడు చూడండి, ఆ "పంపబడ్డాను" దగ్గర నాకు సిరిమాను కొస కనిపించింది. సొంత శక్తి లెక్క కాదు అది. పంపినవాళ్ళ లెక్క.

కోట_జంక్షన్, రాత్రి 12.04
ఇది బాగుంది. నేను కూడా ఆ జనంలో నిలబడినవాణ్ణే. అయితే నా మాట సవరించుకుంటాను: శక్తి తక్కువ కాదు, తనది కాదు. కర్ర సంగతి మాత్రం నా మనసులో అలాగే ఉంటుంది.

పలాస_చంద్రం, రాత్రి 12.10
బాంబడిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. ఆయనే సృష్టికర్త. ఉంగరం తొడుక్కున్నా మాయమవలేదు, అందులోంచి చూసి నవ్వాడు. ఇంకేం కావాలి?

బొబ్బిలి_వీణ, రాత్రి 12.15
కుదరదు. సృష్టికర్త ఈ కథలో ఎక్కడా ఒంటితో రాడని రచయితే ఉత్తరంలో తేల్చేశాడు. పైగా ఎల్రండ్ సభలో అంటారు, మిగతా అంతా ఓడిపోతే బాంబడిల్ కూడా చివరికి ఓడతాడు, మొదట వచ్చినవాడు ఆఖరున పోతాడు అని. సృష్టికర్త ఓడడు కదా. ఉంగరం ఆయన్ని ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే ఆయనకి ఎవరినీ ఏలాలని లేదు.

పలాస_చంద్రం, రాత్రి 12.17
ఉత్తరాలు కథలో భాగం కాదు. నేను ఒప్పుకోను.

ఉద్దానం_కొబ్బరి, రాత్రి 12.40
నేను ఎప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతాను. నుమెనోర్ పేరు చూసి ఆగాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. పొద్దున లేచి చూస్తే కొబ్బరితోట నేల మీద ఉంది, జీడిచెట్లు వేళ్ళతో సహా పైకి తేలాయి. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని, మధ్యభూమి పాత యుగాల కథ ఉన్న సిల్మరిలియన్ చదివాను, ఇంట్లో తడవని పుస్తకం అదొక్కటే. నుమెనోర్ మునిగే పేజీ మీద మైనం చుక్క పడింది, ఇప్పటికీ ఉంది, ఆ రెండు పేజీలు అంటుకునే ఉంటాయి. అంత పెద్ద శక్తి కదిలితే కింద ఉన్నవాళ్ళకి ఏమవుతుందో వీణ గారు చెప్పిన బెలెరియాండ్ మాట నాకు లెక్కల్లో అర్థం కాలేదు, మా పెరట్లో అర్థమైంది. అందుకే ముసలివాళ్ళని పంపడం నాకు సరైన పనిగానే అనిపిస్తుంది.

మీరందరూ గొప్ప శక్తుల గురించి మాట్లాడారు. నాకు ఆ పుస్తకాల్లో అన్నిటికంటే ఇష్టమైన శక్తి గలాడ్రియెల్ సామ్‌కిచ్చిన చిన్న పెట్టె. అందులో ఆవిడ తోట మట్టి, ఒక్క విత్తనం. ఊరికి తిరిగొచ్చి చూస్తే చెట్లన్నీ నరికేసి ఉంటాయి. సామ్ మంచి చెట్టు పోయిన చోటల్లా ఒక్కో రేణువు పెడతాడు, మిగిలింది గాలిలోకి వదిలేస్తాడు. నేను తిత్లీ మర్నెలలో డెబ్బై కొబ్బరి మొక్కలు పెట్టాను. మట్టి మామూలు మట్టే. ఏడో ఏడు మొదటి గెల వేసింది.

పాలకొండ_మనవరాలు, రాత్రి 12.52
అన్నయ్యా, ఇది రేపు మామ్మకి చదివి వినిపిస్తాను. సామ్ పెట్టె దాకా మేమింకా రాలేదు, అయినా ముందే చెప్పేస్తాను.

ఆమదాలవలస_ప్యాసింజర్, రాత్రి 12.58
ఆ పెట్టె కూడా ధారపోతే కదా వీణ గారూ? గలాడ్రియెల్ తన తోటని చిటికెడు చిటికెడుగా ఇంకొకరి ఊరికి ఇచ్చేసింది. ఉంగరం కరిగాక ఆవిడ ఉంగరం కూడా బలం కోల్పోయింది, ఆవిడ ఉండే అడవి లోరియెన్ వాడిపోయింది. హాబిట్ల ఊళ్ళో ఆ విత్తనం మొలిచిన ఒక్క మల్లోర్న్ చెట్టు మిగిలింది.

బొబ్బిలి_వీణ, రాత్రి 1.06
అవును. ఈ పోలిక నాకు తట్టలేదు. పదో సంపుటం రెండుసార్లు చదివి కూడా తట్టలేదు.

నాగావళి_గట్టు, ఉదయం 6.20
రాత్రంతా ఇంత నడిచిందా! అందరికీ దండాలు. కరద్రాస్ పేజీ మళ్ళీ తీశాను, ఈసారి ఆగకుండా దాటాను. కానీ నీలి మాంత్రికుల గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు.

బొబ్బిలి_వీణ, ఉదయం 6.45
రచయిత మొదట ఒక ఉత్తరంలో వాళ్ళు దారి తప్పి ఉంటారన్నాడు. చివరి రోజుల్లో మాట మార్చి, రెండో యుగంలోనే వెళ్ళి తూర్పున సౌరాన్ బలం కూడకుండా చేశారని రాశాడు. అది పన్నెండో సంపుటంలో ఉంది. ఆఫీసు నుంచి వచ్చాక తీసి పేజీ చూసి వివరంగా రాస్తాను.

పలాస_చంద్రం, ఉదయం 6.51
బాంబడిల్ మీద నేనింకా ఒప్పుకోలేదు. సాయంత్రం అది కూడా తేలుద్దాం.