కన్నోరింటికెళ్తే బిడ్డ లెక్క ఎవరిది? పోషణ పథకాలపై మీ అనుభవాలు చెప్పండి

నాగావళి_గట్టు (ఆమదాలవలస):
మా చెల్లి అంగన్‌వాడీ టీచరు. పిల్లల ఎత్తు, బరువు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో తను ఎక్కిస్తుంది. గర్భిణుల రక్తం లెక్క, టీకాలు ఏఎన్‌ఎం (ఊరి నర్సు) గారు ఆరోగ్య శాఖ వాళ్ల ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. మా దగ్గర ఆ రెండిటికీ మాటల్లేవు. కోటా బియ్యం ఇంకో శాఖది, తాగునీరు మరో శాఖది. 2018 మార్చి 8న రాజస్థాన్‌లోని ఝుంఝునులో కేంద్ర ప్రభుత్వం పోషణ్ అభియాన్ మొదలెట్టింది వీళ్లందర్నీ ఒక దారికి తేవడానికే. మీ మండలంలో అది ఎంతవరకు నడిచింది? తిట్టుకోడానికి వేరే చోట్లున్నాయి, పనికొచ్చినవి చెప్పండి.

చోడంబలి (బొబ్బిలి):
సమన్వయ మీటింగంటే మా దగ్గర టీ, బిస్కెట్లు, సంతకం. అసలు పని గ్రామ ఆరోగ్య పోషణ దినం నాడే. ఏఎన్‌ఎం, ఆశా, టీచరు ముగ్గురూ ఒక అరుగు మీద కూర్చుని రెండు రిజిస్టర్లూ పక్కపక్కన తెరుస్తారు. ఒకరు పేరు చదివితే ఇంకొకరు వెతుకుతారు. ఒకదాంట్లో పైడితల్లి, రెండోదాంట్లో అదే మనిషి సంధ్య. ఆధార్‌లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు! (విజయనగరంలో పైడితల్లుల్ని విడదీయడం ఏ సర్వరు వల్లా కాదు లెండి.) భర్త పేరు, వీధి అడిగి తేల్చుకుంటారు. ఆ ఏఎన్‌ఎం గారు సెలవు పెట్టిన నెల ఎవరి పుస్తకం వారిదే.

కవిటి_కుర్రోడు:
పుట్టింటి సంగతి ఎవరూ ఎత్తరేటి? తొలి కాన్పుకి పిల్లని కన్నోరింటికి తీసుకెళ్తాం. పేరు అత్తోరూళ్లో, కాన్పు కన్నోరూళ్లో, బిడ్డకి అయిదో నెలొచ్చేదాకా అక్కడే. మా వదినది బరంపురం వైపు, అంటే రాష్ట్రమే మారిపోయింది. ఇక్కడ "ఊళ్లో లేరు కదమ్మా" అన్నారు, అక్కడ "మీ పేరు మా దగ్గర లేదు" అన్నారు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ రోజుకి 600 క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ ఉండే ఆహారం ఇవ్వాలంది. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో అందాలి కదా.

ట్రాకర్ దేశమంతా ఒక్కటే, అంగన్‌వాడీ కేంద్రం మార్చుకునే వీలూ అందులో ఉంది. పట్టుబట్టి అడిగితే మార్చారు. అంతా అయ్యాక ఓటీపీ అన్నయ్య ఫోనుకెళ్లింది. అన్నయ్యేమో గుజరాత్ వెరావల్‌లో బోటెక్కి సముద్రం మీద ఉన్నాడు. ఒడ్డుకొచ్చేదాకా పప్పూ లేదు, గుడ్డూ లేదు. వలసెళ్లే మగాళ్లున్న జిల్లాలో ఫోన్ నంబరు ఆడవాళ్లది ఎక్కించాలని ఎవరికీ తట్టలేదు.

రేషన్_సంచి (గజపతినగరం):
@కవిటి_కుర్రోడు, ఓటీపీ దెబ్బ మాకూ తగిలింది బావా. నాది బియ్యం గొడవ. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి చెప్పాక కోటాలో ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చాయి కదా. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా ఒత్తి, నూరు పాళ్లకి ఒక పాలు కలుపుతారు. మా అమ్మ ఎసట్లోకి కడిగితే కొన్ని తేలాయి. "ప్లాస్టిక్ బియ్యంరా" అని చేటలో పోసుకుని ఏరి పారేసింది. వీధి వీధంతా అదే పని. డీలర్నడిగితే వచ్చింది ఇస్తున్నాననేవాడు, ఆశాకి ఎవరూ చెప్పలేదు. రక్తం లేదని మాత్రలిచ్చేది ఒకరు, రక్తం పట్టే బియ్యం పంపేది ఇంకొకరు. చివరికి వెలుగు సంఘం మీటింగులో ఆ గింజలే విడిగా ఉడికించి తినిపించారు. మా అమ్మ అప్పటికి నమ్మింది.

రిటైర్డ్_సూపర్‌వైజర్ (చీపురుపల్లి):
అనుభవాలతో పాటు అంకెలూ చూడండి బాబూ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివారు నాలుగో విడతలో 31.4 శాతం, అయిదో విడతలో 31.2. రక్తహీనత ఉన్న పిల్లలు 58.6 నుంచి 63.2కి పెరిగారు. ఎత్తు తగ్గినవారిని ఏటా 2 శాతం చొప్పున తగ్గించాలన్నది పోషణ్ అభియాన్ లక్ష్యం. అయితే ఇక్కడ అయిదో విడత సర్వే జరిగింది 2019లో. అభియాన్ మొదలైన ఏడాదికే దాన్ని ఫెయిల్ అనడం న్యాయం కాదు.

పెరూ దేశంలో ఎత్తు తగ్గిన పిల్లలు 2008లో సుమారు 28 శాతం ఉన్నది 2016కల్లా 13కి దిగింది. అక్కడ ఆర్థిక శాఖే ఫలితం చూసి నిధులిచ్చింది. మన దగ్గర పర్సు పట్టుకున్నవాడు సమన్వయ మీటింగుకి రాడు.

చోడంబలి:
మాస్టారూ, అంత పైనుంచి మారేదాకా ఆగాలా?

రిటైర్డ్_సూపర్‌వైజర్:
అక్కర్లేదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉందే, ఆరోగ్య శాఖ, అంగన్‌వాడీల శాఖ రెండూ కలిసి తెచ్చిందే అది. ఒక పేజీ ఏఎన్‌ఎం రాయాలి, బరువు గీత టీచరు గీయాలి. తల్లితో పాటు ఏ ఊరైనా వెళ్తుంది, ఓటీపీ అడగదు. నా సర్వీసులో నేను చూసిన కార్డుల్లో టీకాల పేజీ నిండుగా, బరువు పేజీ తెల్లగా ఉండేవి. సెంటరుకెళ్లినప్పుడు గీత గీయించుకునే కదలండి. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా మరీ ముఖ్యం. పై తిండి మొదలయ్యేదీ, బిడ్డ వెనకబడేదీ అప్పుడే. గీత పైకెక్కకుండా అడ్డంగా సాగిందంటే ఏఎన్‌ఎంకి చూపించాలి.

కవిటి_కుర్రోడు:
వదిన కార్డు తెరిచి చూశాను. బరువు పేజీలో చుక్కల్లేవు, పాలవాడి లెక్కలున్నాయి.

నాగావళి_గట్టు:
😀 ఈ మాటలన్నీ చెల్లికి చూపించాను. పాత బరువులు తన రిజిస్టర్లో ఉన్నాయట, ఈ నెల పోషణ దినానికి ఊళ్లో కార్డులన్నీ తెప్పించి ఎక్కిస్తానంది. @కవిటి_కుర్రోడు, బరంపురం పాప బరువులు అక్కడి టీచరునడిగి ఫొటో తీసి పంపించమను మీ వదినని.