‘గోప్యత’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవచ్చునా?

ప్రైవసీకి తెలుగులో ‘గోప్యత’ స్థిరపడిపోయిందని, ఇక వేరే మాట వెతకనక్కరలేదని కొందరు మిత్రులు అన్నారు. పత్రికల వాడుకను బట్టి చూస్తే అది నిజమే. అయితే వివిధ దేశాల చట్టాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఈ మాట ఒకచోట చక్కగా అతికి, మరొకచోట బొత్తిగా పొసగకపోవడం కనిపిస్తుంది గనుక కొంత వివరంగా రాస్తున్నాను.

గోప్యం అనగానే దాచిపెట్టినది, పరులకు తెలియనిది అన్న అర్థమే మనసుకు తడుతుంది. అమెరికా న్యాయస్థానాల ధోరణి చాలాకాలం ఈ అర్థానికి దగ్గరగానే నడిచింది. ఒక వ్యక్తి తన ఇంటి ఫోను నుంచి ఏయే నంబర్లకు చేశాడో టెలిఫోన్ కంపెనీకి ఎలాగూ తెలుస్తుంది కాబట్టి, ఆ నంబర్ల విషయంలో ప్రైవసీని ఆశించడానికి వీల్లేదని 1979లో స్మిత్ వర్సెస్ మేరీలాండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మూడో మనిషికి తెలిసిపోయాక రహస్యమూ లేదు, రక్షణా లేదు. అదే కోర్టు కార్పెంటర్ కేసులో 2018లో ఇచ్చిన తీర్పు, మొబైల్ టవర్ల ద్వారా తెలిసే కదలికల వివరాలకు ఈ సూత్రాన్ని వర్తింపజేయడానికి నిరాకరించింది గాని, సూత్రాన్నే కొట్టివేయలేదు. వైద్య వివరాలకు 1996 నాటి హిపా, పిల్లల ఆన్‌లైన్ వివరాలకు 1998 నాటి కోపా అంటూ అక్కడ రంగానికొక చట్టం ఉన్నది.

ఐరోపా దారి వేరు. తన వివరాలను ఎవరికి, ఎంతవరకు తెలియనివ్వాలో నిర్ణయించుకునే అధికారం సూత్రరీత్యా ఆ వ్యక్తిదేనని 1983లో జనగణన చట్టంపై ఇచ్చిన తీర్పులో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అన్నది. ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల పత్రం వ్యక్తిగత జీవితానికి గౌరవాన్ని 7వ అధికరణంలోనూ, వ్యక్తిగత సమాచార రక్షణను 8వ అధికరణంలోనూ వేర్వేరు హక్కులుగా చెప్పింది. 2018 మే 25 నుంచి అమలవుతున్న, ఐరోపా సమాఖ్య వారి సమాచార రక్షణ శాసనమైన జీడీపీఆర్ ప్రకారం నలుగురికీ తెలిసిన ఫోన్ నంబరు కూడా వ్యక్తిగత సమాచారమే. దాన్ని వాడుకునే సంస్థ అందుకు చట్టబద్ధమైన ఆధారం చూపించాలి. దాపరికం ఊసే లేని ఇటువంటి చోట ‘గోప్యత’ అని రాస్తే చట్టం ఉద్దేశం మరుగునపడుతుంది.

భారతదేశంలో 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవసీని ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం, ఎవరైనా తమంతట తాము బహిరంగపరచిన వివరాలను తన పరిధిలోంచి తప్పించింది. ఇది ఆ పాత రహస్యభావన మిగిల్చిన లోటని నా అభిప్రాయం. సమాచారం తీసుకునే సంస్థను ‘డేటా ఫిడ్యూషియరీ’ (నమ్మి అప్పగించిన సమాచారానికి బాధ్యత వహించే సంస్థ) అనడం మాత్రం నాకు నచ్చింది. నమ్మి అప్పగించిన సొమ్ముకు మనకు ‘ఇల్లడ’ అనే పాత మాట ఉన్నది, ఆ భావం ఇందులో వినిపిస్తుంది.

సంస్కృత ధాతువుల అర్థాలు చెప్పే ధాతుపాఠం ‘గుప్’ ధాతువుకు రక్షణార్థం కూడా చెబుతుంది కనుక గోప్యమంటే రక్షించదగినదేనని వాదించవచ్చు. కాని నేటి పాఠకుడికి ఆ అర్థం స్ఫురించదు. ఇంటి సోదా, ఫోన్ సంభాషణలను చాటుగా వినడం వంటి సందర్భాలకు ‘గోప్యత’ను ఉంచి, వివరాల సేకరణ, వినియోగం, తొలగింపు గురించి రాసేటప్పుడు ‘వ్యక్తిగత సమాచార రక్షణ’ అనీ, జర్మన్ తీర్పులోని భావనకు ‘సమాచార స్వనిర్ణయ హక్కు’ అనీ వాడుదామని ప్రతిపాదిస్తున్నాను. ‘స్వనిర్ణయం’ కన్నా తేలికైన మాట ఎవరికైనా తడితే తెలియజేయగలరు.