మారుతి 800 ఎండల్లో వేడెక్కుతోంది, హెడ్ విప్పించే ముందు ఏం చూసుకోవాలి?

ఖమ్మం 800
మాది 2006 మోడల్ మారుతి 800. నాన్నగారు కొన్న బండి, ఇంట్లో ఎవరికీ అమ్మాలని లేదు. ఎండలు ముదిరినప్పటి నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఊరు దాటి స్పీడ్ అందుకుంటే మళ్ళీ సగానికి దిగుతోంది. చూపించిన చోట హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకీ, దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే సీలు) పోయింది, విప్పాల్సిందే అన్నారు. ఒకటే టెన్షన్. చిన్న పనులు ఇంట్లోనే చేసుకుంటాను, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బెజవాడ జెన్
అన్నా, ఆగితే వేడెక్కి, నడిస్తే చల్లబడుతోందంటే ముందు ఫ్యాన్‌నే అనుమానించాలి. పరుగులో ఎదురుగాలి సరిపోతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. తాళం తీసేసి, ఇంజను పూర్తిగా చల్లారాక ఫ్యాన్ కనెక్టర్ పీకి బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇవ్వండి. చేతులు రెక్కలకు దూరంగా ఉండాలి. రయ్యిన తిరిగితే మోటారు బాగున్నట్టే, ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న డబ్బా), ఫ్యాన్ స్విచ్ (నీళ్ళ వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్ చేసేది) వరసగా చూడండి. మూలుగుతూ తిరిగితే మోటారు పనే.

స్పీడ్‌లో కూడా ముల్లు పైకి పోతే మాత్రం కథ వేరు. నీళ్ళు తగ్గడమో, రేడియేటర్ పూడిపోవడమో, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకోకపోవడమో అయ్యుంటుంది.

గుంటూరు గ్యారేజ్
పై తమ్ముడు చెప్పింది కరెక్ట్. దాంతోపాటు రేడియేటర్ మూత కూడా చూడండి. ప్రెజర్ కుక్కర్‌లాగే ఒత్తిడి ఉంటే నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత రబ్బరు గట్టిపడినా, చీలినా ఒత్తిడి నిలవదు, నీళ్ళు రిజర్వు డబ్బాలోకి పొంగిపోతాయి. తక్కువ ఖర్చు సామాను, అనుమానం ఉంటే మార్చేయండి. వేడి మీద మాత్రం మూత తిప్పకండి. గుడ్డ కప్పి తిప్పినా ముఖం కాలుతుంది.

గ్యాస్కెట్ సంగతి ఇంట్లోనే కొంత తెలుస్తుంది. చల్లటి ఇంజను మీద మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తూనే ఉన్నా, రేజ్ చేస్తే నీళ్ళు ఎగజిమ్మినా అప్పుడు భయపడాలి. ఆయిల్ డిప్‌స్టిక్ (ఇంజను ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే బండి నడపకండి.

కూకట్‌పల్లి ఆల్టో
ఒక్క మాట. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉంటే గ్యాస్కెట్ అనుకోవద్దు. వానాకాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి తేమ వల్ల అలా వస్తుంది. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఖమ్మం 800
అందరికీ థ్యాంక్స్. బుడగలు లేవు, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది. బ్యాటరీ నుంచి ఇస్తే ఫ్యాన్ గట్టిగానే తిరుగుతోంది. ఫ్యూజు, రిలే బాగున్నాయి. ఫ్యాన్ స్విచ్ మార్చాను, ఇప్పుడు దానంతట అదే ఆన్ అవుతోంది. ట్రాఫిక్‌లో ముల్లు సగం దాటట్లేదు. కాకపోతే రేడియేటర్‌లో నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ బోరు నీళ్ళే పోస్తున్నాం.

గుంటూరు గ్యారేజ్
బోరు నీళ్ళు ఆపేయండి. ఆ ఉప్పు లోపల సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. పాత నీళ్ళు దింపి, తేటగా వచ్చేదాకా కడిగి, కూలెంట్‌లో (రేడియేటర్‌లో పోసే ద్రవం) ఇన్వర్టర్ బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలపాలి. రెడీమిక్స్ అయితే నీళ్ళు అక్కర్లేదు. మనకు గడ్డకట్టే చలి లేకపోయినా తుప్పు పట్టకుండా కూలెంట్ కావాలి. మెల్లగా పోస్తూ పై హోస్‌ని చేత్తో నొక్కుతుంటే లోపలి గాలి పోతుంది. తర్వాత మూత తీసే ఉంచి ఇంజను స్లోలో వదిలి, మట్టం తగ్గినప్పుడల్లా పోయండి.

విశాఖ స్టీరింగ్
దింపేటప్పుడు థర్మోస్టాట్ ఉందో లేదో కూడా చూసుకోండి బ్రదర్. వేడెక్కుతోందంటే దాన్ని పీకి పారేసే అలవాటు చాలామందికి ఉంది. అది లేకపోతే ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఉంటే గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేయండి. తెరుచుకుంటే మంచిదే, లేకపోతే కొత్తది వేయండి.

ఇంకోటి, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. దింపింది వాకిట్లో పారబోయకండి, కుక్కలూ పిల్లలూ తిరుగుతుంటారు. డబ్బాలో పట్టి మూత బిగించి, తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.