తొలి క్వేజార్లు గెలాక్సీల గుంపుల్లోనే పుట్టాయా?

నిశాపథికుడు:
2024లో ఎంఐటీకి చెందిన ఐలర్స్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో కొన్ని ప్రాచీన క్వేజార్ల ఇరుగుపొరుగును లెక్కపెట్టింది. కొన్నింటి పరిసరాల్లో 50కి పైగా గెలాక్సీలుంటే, మరికొన్నింటి దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. కృష్ణబిలంలోకి పడుతూ వేడెక్కిన వాయువు వెలుగే కదా క్వేజార్. జె0313-1806 అనే క్వేజార్‌లోని కృష్ణబిలం మహావిస్ఫోటనం జరిగిన 67 కోట్ల ఏళ్లకే 160 కోట్ల సూర్యుళ్ల బరువుకు చేరింది. ఒంటరి క్వేజార్లకు అంత మేత ఎక్కడిది? గుంపుల్లోనే పుట్టాయన్న సిద్ధాంతాన్ని ఇక వదిలేయాలి.

ధ్రువతార:
తొందరపడకండి. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ పరిశీలనలో గెలాక్సీలను పట్టించింది ఆక్సిజన్ గీత, అంటే వేడెక్కిన ఆక్సిజన్ ఒకే రంగులో వెదజల్లే వెలుగు. 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల (అర మైక్రాన్) తరంగదైర్ఘ్యంతో పుట్టిన ఆకుపచ్చ వెలుగు, విశ్వంతో పాటు సాగి సాగి, వెబ్‌ను చేరేసరికి దాదాపు 3.6 మైక్రాన్ల పరారుణ కిరణమవుతుంది. దట్టమైన ధూళి కప్పిన గెలాక్సీ నుంచి ఆ గీత బయటికే రాదు. 2017లో చిలీలోని అల్మా రేడియో టెలిస్కోపుతో 25 క్వేజార్లను పరిశీలిస్తే, నాలుగింటి పక్కన ధూళి నిండిన భారీ గెలాక్సీలు బయటపడ్డాయి.

నిశాపథికుడు:
ఇరవై అయిదింట నాలుగేనండీ! ధూళి ఒక్కటే అన్ని ఖాళీలనూ పూడ్చలేదు. పైగా కొన్ని క్వేజార్లు తమ చుట్టూ అయనీకరించిన (తమ కాంతితో వాయువు పరమాణువుల ఎలక్ట్రాన్లను ఊడగొట్టిన) ప్రాంతం ఎంత చిన్నదంటే, అవి వెలగడం మొదలై లక్ష ఏళ్లు కూడా కాలేదని అంచనా. గరిష్ఠ వేగంతో మింగినా కృష్ణబిలం రెట్టింపు కావడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. ఇటు తిండీ కనబడదు, అటు తినే సమయమూ లేదు.

కార్తీకపున్నమి:
ఆ లక్ష ఏళ్ల లెక్క నన్నూ కలవరపెడుతుంది. ధూళి ముసుగులో అంతకు ముందే పెరిగి ఉండవచ్చు, కానీ అది ఇంకా రుజువు కాలేదు. నా అభ్యంతరం మరోచోట. పొరుగు గెలాక్సీల సంఖ్యను మేతకు కొలమానంగా తీసుకుంటున్నారు. కృష్ణబిలానికి కావలసింది వాయువు. అది కంటికి కనిపించని కృష్ణపదార్థం అల్లిన పోగుల వెంట నేరుగా క్వేజార్ గెలాక్సీలోకి వచ్చి చేరవచ్చు. క్వేజార్ అతినీలలోహిత కాంతి పొరుగున ఉన్న చిన్న గెలాక్సీల వాయువును వేడెక్కించి, నక్షత్రాలు పుట్టకుండా ఆపే అవకాశమూ ఉంది. అలాంటప్పుడు ఖాళీ పరిసరం క్వేజార్ వల్ల వచ్చిన ఫలితమే కావచ్చు.

2023లో జె0305-3150 అనే క్వేజార్ దగ్గర 30 లక్షల కాంతి సంవత్సరాల పొడవున పది గెలాక్సీల దారం దొరికినప్పుడు సిద్ధాంతం గెలిచిందని సంబరపడ్డారు. ఒక్క దారంతో గెలవలేదు, రెండు మూడు ఖాళీలతో ఓడిపోదు. ఆ దారాన్ని కనుగొన్న యాస్పైర్ కార్యక్రమం చేతిలో 25 క్వేజార్ల పరిసరాలున్నాయి. వాటన్నిటిలో వెబ్ లెక్కనూ అల్మా లెక్కనూ పక్కపక్కన పెట్టి చూపండి, నిశాపథికుడు గారూ, అప్పుడు మీ వాదనకు ఒప్పుకుంటాను.