వంటల ఇంగ్లీషులో ‘కట్’కి బదులు ఏ క్రియ ఎక్కడ వాడాలి?

వంటింటి రాతలు: మన వంటలు ఇంగ్లీషులో రాస్తున్నాను. ఉల్లిపాయకీ వంకాయకీ మామిడికాయకీ అన్నిటికీ ‘కట్’ అనే పడుతోంది. చదివినవాళ్లు ఏ సైజు, ఎలా అని అడుగుతున్నారు. చాప్, స్లైస్, డైస్, మిన్స్‌లకు తేడా ఏమిటండీ? గుత్తి వంకాయకు, ఆవకాయ ముక్కలకు ఏం రాయాలి?

కత్తిపీట: ముందు ముక్క ఎలా ఉండాలో తేల్చుకోండి. చాప్ అంటే తరగడం, ముక్కలన్నీ ఒకేలా ఉండాలన్న పట్టింపు లేదు. మిక్సీలోకి వెళ్లే టమాటాలకు ‘రఫ్లీ చాప్’ చాలు, పోపులో వేసే ఉల్లిపాయలకైతే ‘ఫైన్లీ చాప్’. స్లైస్ అంటే పలచగా, బిళ్లలుగానో పొడుగు చీలికలుగానో కోయడం. బిర్యానీకి వేయించే ఉల్లిపాయ, బజ్జీ అరటికాయ ఇందులోకే వస్తాయి. డైస్ అంటే చదరపు ముక్కలు. హోటల్ వంటవాళ్ల లెక్కలో స్మాల్ డైస్ పావు అంగుళం, మీడియం అర, లార్జ్ ముప్పావు. అన్నీ ఒకేసారి ఉడకాల్సిన చోట డైస్ అనే రాయండి. బంగాళాదుంప ముక్కలు చిన్నా పెద్దా కలిస్తే, పెద్దవి ఉడికేలోపు చిన్నవి చితికిపోతాయి.

మిన్స్ అంటే కత్తితో ఎంత సన్నగా వస్తే అంత సన్నగా తరగడం. ముద్ద మాత్రం కాదు. అల్లం వెల్లుల్లి దంచితే ‘క్రష్’, మెత్తగా నూరితే ‘గ్రైండ్ టు ఎ పేస్ట్’.

నువ్వుల పొడి: గుత్తి వంకాయకు పొరపాటున కూడా ‘క్వార్టర్’ అనకండి. అలా రాస్తే నాలుగు ముక్కలూ విడివిడిగా కోసేస్తారు, ఇక కారం కూరడానికి కాయ ఎక్కడుంటుంది? ‘స్లిట్’ సరైన మాట. అదొక్కటీ చాలదు: కింది నుంచి నిలువుగా రెండు గాట్లు, ప్లస్ గుర్తులా, తొడిమ దగ్గర ఆపాలని విడమరచి రాయండి. పులుసులో వేసే పచ్చిమిర్చికీ స్లిట్టే, ఒక్క గాటు.

పాత జాడీ: ఆవకాయ ముక్కలు మనం కొడతాం కదండీ, దానికి చాప్ చక్కగా సరిపోతుంది. బరువైన కత్తితో ఒక్క దెబ్బ వేయడం ఆ క్రియలోనే ఉంది. కట్టెలు కొట్టడానికీ అదే వాడతారు. కాకపోతే టెంకతో సహా కొట్టాలని, లోపలి జీడి, పొర తీసేయాలని విడిగా చెప్పాలి. చెప్పకపోతే టెంక పారేసి కండ మాత్రం కోస్తారు, ఊరేకొద్దీ ముక్క మెత్తబడిపోతుంది.

కామా సంగతి కూడా చూసుకోండి. ‘వన్ కప్ చాప్డ్ కొరియాండర్’ అంటే తరిగాక కప్పు. ‘వన్ కప్ కొరియాండర్, చాప్డ్’ అంటే ఆకు కప్పుతో కొలిచి తర్వాత తరగాలి. తరిగితే ఆకు అణుగుతుంది కాబట్టి మొదటి పద్ధతిలో కొత్తిమీర బాగా ఎక్కువ పడుతుంది.

వంటింటి రాతలు: కొబ్బరి తురుముకి ష్రెడ్ అనవచ్చా?

కత్తిపీట: తురుముపీట మీద తురిమితే ‘గ్రేట్’ రాయండి. ష్రెడ్ అంటే సన్నటి పోగులు, క్యాబేజీకి బాగుంటుంది. బిస్కెట్ల రెసిపీలో ‘కట్ ఇన్ ద బటర్’ కనబడితే మాత్రం వెన్న ముక్కలు కోసి పక్కన పెట్టమని కాదు. చల్లటి వెన్నను పిండిలో వేసి, రవ్వలా అయ్యేదాకా కత్తితోనో ఫోర్కుతోనో పొడుస్తూ కలపమని.