బైలకుప్పె మఠం డాక్యుమెంటరీకి తెలుగు వ్యాఖ్యానం ఉండాలా, వద్దా?

కృష్ణలంక_ఫ్రేమ్స్
కర్ణాటకలోని బైలకుప్పెలో ఒక టిబెటన్ మఠం మీద, దాని చుట్టూ ఉన్న శరణార్థుల ఊళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీ 52 నిమిషాల రఫ్ కట్‌కి వచ్చింది. విజయవాడలో చలికాలమంతా స్వెటర్లు అమ్మి, లోసర్‌కి (వాళ్ళ కొత్త సంవత్సరం) ఇంటికెళ్ళే ఒక కుటుంబంతో మొదలై మఠంలో ముగుస్తుంది. అడిగినవాళ్ళకి లింకు పంపాను.

ప్రశ్న ఒక్కటే. తెలుగు వాయిస్ ఓవర్ పెట్టాలా, సబ్‌టైటిల్స్‌తో సరిపెట్టాలా? నేను వాయిస్ ఓవర్ వైపే మొగ్గుతున్నాను. మన ప్రేక్షకులకి టిబెటన్ బౌద్ధంలోని నింగ్మా, గెలుగ్ శాఖల తేడా తెలియదు. 1960 ప్రాంతంలో అప్పటి మైసూరు రాష్ట్రం వీళ్ళకి సుమారు మూడు వేల ఎకరాలు ఇచ్చిందని కూడా తెలియదు. స్క్రిప్టులోంచి రెండు ముక్కలు:

"బంగారు కాంతుల మధ్య మంత్రోచ్చారణలో లీనమైన బాల లామాలు."
"అమ్మ ఒడిని తలచుకుని కన్నీరు పెడుతున్న బాల లామా. సన్యాసం ముందు మమకారం ఓడిపోతోంది."

చూసినవాళ్ళు నిర్మొహమాటంగా చెప్పండి.

కోతబల్ల
వద్దు. ముందు లెక్క చూడండి. తెలుగు వ్యాఖ్యానం నిమిషానికి 105, 110 మాటలు దాటితే వినేవాడికి ఊపిరాడదు. మీ స్క్రిప్టు 2,800 మాటలుంది. అంటే 26 నిమిషాలు, సినిమాలో సరిగ్గా సగం మీ గొంతే.

ఫ్రాన్సులో గ్రెనోబుల్ దగ్గర కొండల్లో గ్రాండ్ షార్ట్రూజ్ అని మఠం ఉంది. దాన్ని తీయడానికి జర్మన్ దర్శకుడు ఫిలిప్ గ్రోనింగ్ 1984లో అనుమతి అడిగితే 16 ఏళ్ళకి సరేనన్నారు. దాదాపు ఆరు నెలలు లోపలే ఉండి, అదనపు లైటు ఒక్కటి కూడా పెట్టకుండా, ఒక్కడే తీశాడు. 2005లో వచ్చిన ఆ సినిమా రెండున్నర గంటలు దాటుతుంది. వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు, అయినా జనం కూర్చుని చూశారు.

మీ 11వ నిమిషంలో వెన్నదీపాల వరస ఉంది. చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, మాడిన వత్తి కొస గిల్లి పక్కన పెడుతుంది, తర్వాతి దీపం దగ్గరికి వెళుతుంది. నలభై సెకన్లు. దాని మీద "బంగారు కాంతుల మధ్య" అని చదివారంటే ప్రేక్షకుడు ఆ చెయ్యిని చూడటం మానేస్తాడు.

గోంపా_దారి
వాయిస్ ఓవర్ సంగతి తర్వాత. "బాల లామా" అన్న మాట ముందు కొట్టెయ్యండి. లామా అంటే గురువు. ఎర్రబట్ట కట్టిన ప్రతివాడూ లామా కాదు. పిల్లలు తీసుకునేది తొలి దీక్ష, వాళ్ళని గెట్సుల్ అంటారు. 20 ఏళ్ళు నిండాక పూర్తి దీక్ష తీసుకున్నవాళ్ళు గెలాంగ్. మనకి నాగార్జునకొండ నాటి నుంచీ శ్రామణేరుడు, భిక్షువు అన్న మాటలున్నాయి, వాడుకోండి.

ఇంకొకటి. 19వ నిమిషంలో నామ్‌డ్రోలింగ్‌ని చూపిస్తూ "దలైలామా సంప్రదాయానికి చెందిన" అన్నారు. తప్పు. 1963లో పెనోర్ రింపోచే స్థాపించిన ఆ మఠం నింగ్మా. దలైలామా గెలుగ్. బైలకుప్పెలోనే ఉన్న సెరా గెలుగ్ మఠం. తప్పు చెప్పే వాయిస్ ఓవర్ కన్నా మౌనం మేలు, నిజమే. కానీ సరిగ్గా చెప్పేదైతే కచ్చితంగా కావాలి.

వెన్నెల_77
వాయిస్ ఓవర్ లేకపోతే మా ఇంట్లో పది నిమిషాలు కూడా చూడరు. ఉండాల్సిందే.

ధ్వని_శ్రీకాకుళం
గొంతు పెట్టే ముందు కింద ఉన్న శబ్దం బాగుచేసుకోండి. పొడవాటి బాకాలు (దుంగ్‌చెన్) మోగే చోట మీ ట్రాక్ డొల్లగా ఉంది. మైకు మీదో రికార్డర్‌లోనో లో కట్ (లోతైన శబ్దాన్ని కోసే ఫిల్టర్) వేసి ఉంచారు. మాటలకి 80 హెర్ట్జ్ దగ్గర కట్ వేయడం మంచిదే, కానీ ఆ బాకా ప్రాణమంతా అక్కడ, ఇంకా కిందే ఉంటుంది. అది కోసేస్తే మిగిలేది డబ్బా మోత.

తాళాలు పడ్డప్పుడల్లా మొత్తం శబ్దం మింగినట్టయి మళ్ళీ లేస్తోంది. అది లిమిటర్ (శబ్దం హద్దు దాటితే అణిచేసేది) పని. 32 బిట్ ఫ్లోట్‌లో (పెద్ద శబ్దానికీ ఫైలు పగలని రికార్డింగ్ పద్ధతి) తీశాం కదా అంటారు. ఫ్లోట్ కాపాడేది రికార్డర్‌ని, మైకు క్యాప్సూల్‌ని కాదు. పెద్ద శబ్దం తట్టుకునే మైకు తీసుకుని, నాలుగైదు మీటర్లు వెనక్కి జరిగి, తాళాలకి ఎదురుగా కాకుండా పక్కవాటుగా పెట్టాలి. ప్రార్థన మందిరంలో షాట్‌గన్ (ఎదురుగా ఉన్న శబ్దాన్నే పట్టే పొడుగు మైకు) వాడారు, అందుకే మంత్రాలు పైపులోంచి వచ్చినట్టున్నాయి. నునుపు గోడలు, ఎత్తయిన కప్పు ఉన్న చోట ప్రతిధ్వని పక్కల నుంచి దూరి దాన్ని పాడుచేస్తుంది. హైపర్ కార్డియాయిడ్ మైకు పెట్టాల్సింది. ఖాళీ మందిరం శబ్దం రెండు నిమిషాలు విడిగా తీశారా?

చివరగా, 34వ నిమిషంలో ఫోన్ సీన్‌కి శబ్దం ఎక్కడిది?

కృష్ణలంక_ఫ్రేమ్స్
లో కట్ నిజమే, చూసుకోలేదు. ఖాళీ మందిరం శబ్దం 40 సెకన్లే ఉంది. నామ్‌డ్రోలింగ్ వాక్యం సరిచేస్తాను, గోంపా_దారి గారికి ధన్యవాదాలు. వాయిస్ ఓవర్ వచ్చినప్పుడు మంత్రాల్ని 12 డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోదా?

ధ్వని_శ్రీకాకుళం
సరిపోదు. మందిరంలో కలిసి చదివే గొంతులూ మీ వ్యాఖ్యాత గొంతూ ఉండేది ఒకే శ్రేణిలో. 12 తగ్గించినా అడుగున గుయ్యిమంటూనే ఉంటుంది, వినేవాడికి రెండూ దక్కవు. గొంతు పెట్టాలనుకుంటే మొక్కజొన్న చేల మీద, నడక షాట్ల మీద పెట్టండి. మంత్రాల్ని మంత్రాలుగా వదిలెయ్యండి.

34వ నిమిషం అడిగాను.

గోంపా_దారి
కోతబల్ల గారూ, షార్ట్రూజ్‌తో పోలిక ఇక్కడ నప్పదు. అక్కడి కార్తూసియన్ సన్యాసులకి మౌనమే నియమం, ఒక్కొక్కరూ విడి గదిలో బతుకుతారు. అక్కడ మాట లేకపోవడమే విషయం. బైలకుప్పెలో విషయమే మాట. సెరాలో శాస్త్రచర్చ చూడండి. జవాబు చెప్పేవాడు కూర్చుంటాడు, అడిగేవాడు నిలబడి కాలు నేలకేసి కొడుతూ అరచెయ్యి మీద అరచెయ్యి చరుస్తాడు. 27వ నిమిషంలో మీరది చూపించారు. చెప్పేవాడు లేకపోతే మనవాళ్ళు కొట్టుకుంటున్నారనుకుంటారు. అక్కడ ఏ ప్రశ్న వేశారో తెలియకుండా ఆ చప్పట్లు చూపించడం అంటే, అవధానంలో పృచ్ఛకుడి గొంతు తీసేసి అవధాని ముఖం చూపించడమే.

"లామా" ఇంకా తీయలేదు మీరు.

కోతబల్ల
దానికి సబ్‌టైటిల్ చాలు. నేను కోసిన ఒక సినిమాలో మఠం వాళ్ళకి కట్ చూపించాం. అర్థం కాదు, వివరణ పెట్టండి, ఇది తీసెయ్యండి, అది తీసెయ్యండి అంటూ 14 నిమిషాలు తీయించారు. చివరికి మిగిలింది పర్యాటక ప్రకటన. వివరణ మొదలుపెడితే ఆగేది అక్కడే.

మైసూరు_తెలుగు
అందరూ మఠం లోపలే తిరుగుతున్నారు. ఆ సినిమాలో నాకు నచ్చింది మొదటి 12 నిమిషాలు. లారీ ట్రాన్స్‌పోర్టుకి అమ్ముడుపోని స్వెటర్ల మూటలు కట్టడం, లూధియానా వ్యాపారికి అప్పు లెక్క చెప్పుకోవడం, ఇంటికొచ్చాక ఖప్సే (లోసర్‌కి చేసే వేయించిన పిండివంట) కోసం పిండి కలపడం. ఆ ఇంటి పొలంలో పనికొచ్చిన కన్నడ కూలీలు ఒకే ఒక్క షాట్‌లో, అదీ వెనక నుంచి కనిపిస్తారు. అరవై ఏళ్ళుగా పక్కపక్కన బతుకుతున్న ఊళ్ళు ఇవి. వాళ్ళ మాట లేకుండా సముదాయం గురించిన సినిమా అవదు.

వాయిస్ ఓవర్ గురించి ఒక్కటే చెబుతాను. మూడో నిమిషంలో ఆ స్వెటర్లమ్మ "నాలుగొందలకి రాదమ్మా, ఉన్ని పట్టుకుని చూడు" అంటుంది. ఆవిడకి తెలుగు వచ్చు. చెప్పాల్సింది ఆవిడతోనే చెప్పించండి.

డల్లాస్_మామ
అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు వెళ్ళి తీయొచ్చా?

మైసూరు_తెలుగు
బైలకుప్పెలో ఉండాలంటే విదేశీయులకి కేంద్ర హోం శాఖ ఇచ్చే రక్షిత ప్రాంత అనుమతి కావాలి. నెలల ముందే పెట్టుకోండి. చూసి పోవడం వేరు, రాత్రి బస వేరు.

కోతబల్ల
సబ్‌టైటిల్స్ గురించి. మీ కట్‌లో వత్తులు విడిపోతున్నాయి, "ప్రార్థన" చదవడానికి వీల్లేకుండా ఉంది. ప్రీమియర్‌లో (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చండి. మార్చాక పాత టైటిళ్ళు మళ్ళీ టైపు చేయాల్సి రావచ్చు. వరసల మధ్య ఎడం పెంచండి. పై వరస వత్తులూ కింది వరస గుడులూ ఢీకొంటున్నాయి.

34వ నిమిషంలోని ఫోన్ సీన్ మాత్రం ముట్టుకోవద్దు. సినిమాకి గుండెకాయ అదే.

ధ్వని_శ్రీకాకుళం
మూడోసారి అడుగుతున్నాను. పిల్లాడు ఆవరణ అవతల నీళ్ళ ట్యాంకు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, బొటనవేలి గోటితో సున్నం పెచ్చులు గీకుతున్నాడు. కెమెరా 30 మీటర్ల ఇవతల ఉంది. అంత దూరం నుంచి ఏ షాట్‌గన్‌కీ ముక్కు ఎగపీల్చడం వినపడదు, నాకు వినపడింది. సున్నం రాలిన చప్పుడు వినపడింది. శాలువా మైకు మీద రాసుకున్న చప్పుడు కూడా వినపడింది. ఆ పిల్లాడి ఒంటి మీద లావలియర్ (బట్టలకి తగిలించే చిన్న మైకు) ఉంది. ఫోన్ మాట్లాడేటప్పుడు ఆ సంగతి అతనికి గుర్తుందా?

కృష్ణలంక_ఫ్రేమ్స్
సరే, చెబుతాను. పొద్దున ఇంటర్వ్యూ చేశాం. మైకు తీయడం మర్చిపోయాం, రికార్డర్ తిరుగుతూనే ఉంది. రాత్రి ఫైళ్ళు దించుకుంటుంటే బయటపడింది. కావాలని చేసింది కాదు. గెకో (మఠంలో క్రమశిక్షణ చూసే భిక్షువు) సంతకం పెట్టిన అనుమతి పత్రం ఉంది, అది పిల్లలందరికీ వర్తిస్తుంది.

గోంపా_దారి
ఏ భాషలో మాట్లాడాడు? నాకు టిబెటన్‌లా వినపడలేదు.

కృష్ణలంక_ఫ్రేమ్స్
మోన్పా భాష. అరుణాచల్‌లో తవాంగ్ వైపు పిల్లాడు. మా అనువాదకుడు తనకి అర్థం కాలేదన్నాడు. అందుకే అక్కడ వాయిస్ ఓవర్ అవసరమని మొదటి నుంచీ అంటున్నాను.

గోంపా_దారి
ఆగండి. తవాంగ్ మోన్పా టిబెటన్‌కి చుట్టమే కానీ లాసా మాట తెలిసినవాడికి అర్థం కాదు. అంటే అతను ఏమన్నాడో మీ యూనిట్‌లో ఎవరికీ తెలియదు. మరి "అమ్మ ఒడిని తలచుకుని" ఎక్కడిది? అవతల ఉన్నది అమ్మేనని ఎవరు చెప్పారు? "మమకారం ఓడిపోతోంది" ఎవరు విన్నారు? నేను ఇన్నాళ్ళూ ఒక మాట తప్పని కొట్లాడుతున్నాను, ఇక్కడ వాక్యానికి వాక్యమే కల్పితం.

కృష్ణలంక_ఫ్రేమ్స్
ఏడుస్తున్నాడు కదండీ! ఎనిమిదేళ్ళ పిల్లాడు ఇంకెందుకు ఏడుస్తాడు?

ధ్వని_శ్రీకాకుళం
పంటి నొప్పి కావచ్చు, ఊళ్ళో ఎవరైనా పోయుండొచ్చు, బూట్లు పోగొట్టుకున్నందుకు కావచ్చు. మీకు తెలియదు. తెలియనిదాన్ని మీ గొంతుతో అతని నోట్లో పెట్టారు. గెకో సంతకం కెమెరా ముందుకు రావడానికి, దొంగచాటు మాటకి కాదు. ఆడియో తీసెయ్యండి. అన్ని డ్రైవుల్లోంచీ.

కోతబల్ల
ఇదే నేను భయపడింది. ఆ సీన్ తీసేస్తే ఏం మిగులుతుంది? బంతాట, నవ్వులు, బంగారు విగ్రహాలు. ఎనిమిదేళ్ళకి ఇంటికి మూడు వేల కిలోమీటర్ల దూరం వచ్చిన పిల్లలు ఎప్పుడూ ఏడవరని చూపిస్తారా? అదీ అబద్ధమే. వాయిస్ ఓవర్ లేకుండా, ఆడియో లేకుండా, గోడా వేలూ మాత్రం ఉంచండి. గాలి చప్పుడు ఉంచండి.

మైసూరు_తెలుగు
ఉంచాలా తీయాలా అని మీ ఇద్దరూ తేల్చడమేంటి? ఆ పిల్లాడు బతికే ఉన్నాడు, అడగొచ్చు. పెద్ద మఠాల్లో ఒక్కో ప్రాంతం వాళ్ళకి ఒక్కో వసతిగృహం ఉంటుంది, సెరాలో దాన్ని ఖాంగ్‌త్సెన్ అంటారు. మీరు తీసిన మఠంలోనూ అతని వైపు నుంచి వచ్చిన పెద్ద భిక్షువు ఒకరు తప్పక ఉంటారు, అతని బాగోగులు చూసేది ఆయనే. గెకో దగ్గరికి కాదు, ఆయన దగ్గరికి వెళ్ళండి. ఆఫీసులో అడిగితే పిల్లాడు సరేనంటాడు, అది జవాబు కాదు. పొద్దున ప్రార్థన అయ్యాక, భోజనానికి ముందు ఆయన గదిలో అడగండి.

కృష్ణలంక_ఫ్రేమ్స్
ఆయన ముందు స్పీకర్‌లో వినిపించమంటారా?

ధ్వని_శ్రీకాకుళం
వద్దు. హెడ్‌ఫోన్స్‌లో ముందు పిల్లాడు ఒక్కడే వినాలి. ఆ మాటలు పెద్దాయన వినాలో వద్దో కూడా అతనే చెప్పాలి. కెమెరా తీసుకెళ్ళకండి, ఆ సంభాషణ కూడా తీద్దామనిపిస్తుంది.

గోంపా_దారి
వాళ్ళ ఊరికి ఫోన్ చేసి అమ్మానాన్నల్ని కూడా అడగాలి. పెద్దాయన చేసిపెడతారు.

కోతబల్ల
ఒప్పుకుంటేనో?

ధ్వని_శ్రీకాకుళం
ఒప్పుకున్నా ఆ ఆడియో నేను మిక్స్ చెయ్యను. ఇంకొకరిని చూసుకోండి.

కృష్ణలంక_ఫ్రేమ్స్
ఈ రాత్రి లింకు తీసేస్తున్నాను, దించుకున్నవాళ్ళు దయచేసి చెరిపెయ్యండి. ఆడియో మూడు డ్రైవుల్లో ఉంది, అడిగి వచ్చేదాకా ఏదీ తెరవను. శుక్రవారం రాత్రి బస్సుకి మైసూరు వెళుతున్నాను. వాయిస్ ఓవర్ స్క్రిప్టు పక్కన పెట్టేశాను. స్వెటర్లమ్మ గారు ఊళ్ళోనే ఉన్నారట, పొలం పని అయ్యాక ఆదివారం రెండు గంటలు ఇస్తానన్నారు.

ధ్వని_శ్రీకాకుళం
ఆవిడ రికార్డింగ్ ఇంట్లో పెట్టుకోండి, దుప్పట్లూ మూటలూ ఉన్న గదిలో. ఫ్యాను ఆపండి. అయిపోగానే మైకు మీ చేత్తో తీసి, రికార్డర్ ఆపినట్టు ఆవిడకి చూపించండి.